కత్తి అంచు దాటిన చోట – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితం

మన హాస్టల్లో ఉండి చదువుకున్న వాళ్ళకు నీలం రంగు మాత్ర సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. వారానికి ఒకసారి అన్నం తిన్నాక ఇచ్చే ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్ర అది. మింగితే వికారం వస్తుందని నాలుక కింద దాచి, పెద్దవాళ్ళు అటు తిరగగానే కిటికీలోంచి విసిరేసిన వాళ్ళం ఎందరమో! మాకంటే ముందు తరం పూర్వ విద్యార్థులకు ఇంకో మాత్ర కూడా గుర్తుండే ఉంటుంది. బోదకాలు రాకుండా ఏడాదికి ఒకసారి ఇంటింటికీ తిరిగి పంచిన డి.ఇ.సి. మాత్ర. ఈ రెండింటి వెనకా ఉన్నది ఒక్క తెలుగువాడే. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు.

వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని కమిటీ వారు అడిగినప్పుడు మాకు వెంటనే ఆయన పేరే తోచింది. అందుకు కారణం పై రెండు మాత్రలు కావు. ఆయన ప్రయోగశాలలో పుట్టిన మూడో మందు ఒకటుంది. దాన్ని మేము మా మేనత్త చేతికి స్వయంగా లెక్కపెట్టి ఇచ్చాము. ఆ సంగతి తర్వాత చెబుతాము.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. జబ్బు చేసి పదవీకాలం పూర్తికాక ముందే ఉద్యోగం మానుకోవలసి వచ్చింది. ఏడుగురు పిల్లలు. తల్లి వెంకమ్మ గారు గట్టి మనిషి. ఇంట్లో డబ్బుకు ఎంత కటకటగా ఉన్నా పిల్లవాడి చదువు మాత్రం ఆగడానికి వీల్లేదని పట్టుబట్టిన మనిషి. పిల్లవాడికేమో చదువు మీద మనసు లేదు. పదమూడేళ్ళ వయసులో ఇంట్లోంచి పారిపోయి, కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదించాలని బయలుదేరాడు. దారిలోనే పట్టుకుని తిరిగి తెచ్చారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో, మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కాడు. ఈలోగా తండ్రి పోయారు. తల్లి నగలు అమ్మి చదివించింది. పదో తరగతి తప్పి దుప్పటి కప్పుకుని మూల పడుకున్న తమ్ముళ్ళు మన హాస్టల్లో ప్రతి ఏడూ ఒకరిద్దరు ఉంటారు. వాళ్ళ కోసమే ఈ మూడో ప్రయత్నం సంగతి కాస్త గట్టిగా చెబుతున్నాము.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివేటప్పుడు ఆయన మనసు రామకృష్ణ మఠం వైపు మళ్ళింది. సన్యాసం పుచ్చుకుంటానన్నారు. తల్లి ససేమిరా ఒప్పుకోలేదు. మఠం వారు కూడా అమ్మ అనుమతి లేనిదే కుదరదని, వైద్యం చదివి జనానికి సేవ చెయ్యమని సలహా ఇచ్చారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. అప్పటికి ఖర్చు పెట్టే దిక్కు లేదు. అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు ఆదుకున్నారు. ఆయన కుమార్తె శేషగిరి గారినే 1919లో సుబ్బారావు గారు పెళ్ళాడారు.

మెడికల్ కాలేజీలో జరిగిన ఒక సంగతి ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. గాంధీగారి పిలుపు విని విదేశీ బట్ట మానేసి, ఆపరేషన్ గదిలోకి ఖద్దరు గౌను తొడుక్కుని వెళ్ళారు. శస్త్రచికిత్స ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్ దొరకు అది కంటగింపయింది. రాత పరీక్షలు బాగానే రాసినా, చివరికి చేతికొచ్చింది పూర్తి ఎం.బి.బి.ఎస్. డిగ్రీ కాదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. ఆ కాగితంతో మద్రాసు ప్రభుత్వ వైద్య సర్వీసులో చోటు దొరకలేదు. ఒక గుడ్డముక్క విషయంలో పంతం వల్ల కత్తి పట్టే దారి మూసుకుపోయిందన్నమాట. అప్పట్లో అది ఎంత అవమానమో, కాలేజీలో కట్టూబొట్టూ చూసి మార్కులు వేస్తారేమోనని ఏనాడైనా భయపడిన వాళ్ళకు తెలుస్తుంది.

ఆ రోజుల్లోనే కొద్ది రోజుల తేడాతో ఇద్దరు సోదరులు చనిపోయారు. స్ప్రూ అనే జబ్బు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలతో మనిషి ఎండిపోతాడు, రక్తం విరిగిపోతుంది. తర్వాత అదే జబ్బు సుబ్బారావు గారికీ పట్టింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. ఆయన నడిపిన ఆయుర్వేద కళాశాలలోనే శరీర శాస్త్రం బోధిస్తూ కొంతకాలం గడిపారు. ఇంగ్లీషు వైద్యం చదివిన వాడికి ఆయుర్వేదం ప్రాణం పోసింది. అసలు ఈ జబ్బుకు మూలం ఏమిటో కనుక్కోవాలన్న పట్టుదల అక్కడే మొదలైంది.

1920ల తొలి ఏళ్ళలో అమెరికాలోని బోస్టన్ నగరంలో దిగారు. మామగారి సాయం, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ చేయూత తోడైనా, చేతిలో పెద్దగా డబ్బు లేదు. హార్వర్డ్ ఉష్ణమండల వ్యాధుల పాఠశాలలో చేరారు. ఎల్.ఎం.ఎస్. కాగితం అక్కడ డాక్టరుగా పని చేయడానికి చెల్లలేదు. పొట్ట గడవడానికి పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ అనే ఆసుపత్రిలో రాత్రిపూట పనివాడిగా కుదిరారు. రోగుల మంచాల కింద మలమూత్రాల పళ్ళేలు తీసి కడగడం ఆ పని. వైద్యం చదివిన మనిషి! ఆ పని చేసుకుంటూనే డిప్లమా పూర్తి చేశారు.

ఇక్కడ కథ కాస్త ఆపి ఒక మాట చెప్పాలి. సుబ్బారావు గారు రాత్రిళ్ళు పళ్ళేలు కడిగిన ఆ ఆసుపత్రిలోనే పగలు హార్వీ కుషింగ్ అనే మహా శస్త్రవైద్యుడు మెదడులో గడ్డలు కోసేవాడు. ఆ కుషింగ్ గురువు బాల్టిమోరులోని విలియం హాల్‌స్టెడ్. రొమ్ము క్యాన్సరుకు గడ్డ ఒక్కటే కాకుండా రొమ్మంతా, దాని కింద కండరాలూ, చంకలో గ్రంథులూ కలిపి ఒకేసారి తీసేసే పెద్ద ఆపరేషన్ను 1880ల నుంచి ప్రచారంలోకి తెచ్చినవాడు. ఎందుకంత కోత? అది తెలిస్తేనే సుబ్బారావు గారి మందు విలువ తెలుస్తుంది.

మన చేలల్లో తుంగ పీకడం అందరికీ అనుభవమే. పైన కనిపించే మొక్క పీకితే చాలదు. కింద గడ్డ, గడ్డ నుంచి పక్కకు పాకిన వేరు, ఆ వేరు చివర ఇంకో చిన్న గడ్డ. ఒక్కటి మిగిలినా పది రోజుల్లో మళ్ళీ తుంగే. అందుకే పనితెలిసిన కూలీ మొక్క చుట్టూ బెత్తెడు మంచి మట్టి కూడా కలిపి పారతో పెళ్ళగిస్తాడు. క్యాన్సరు గడ్డ కోయడం కూడా అంతే. చేతికి తగిలే గడ్డ చుట్టూ కంటికి కనబడని కణాలు నాలుగు దిక్కులకూ పాకి ఉంటాయి. కాబట్టి చుట్టూ కొంత మంచి కండ కూడా కలిపి తీస్తారు. ఆ మంచి కండ పట్టీనే మార్జిన్ అంటారు. మన నోటు పుస్తకంలో ఎర్రగీతకు ఇవతల వదిలే ఖాళీ జాగా లాంటిదే. అందులో ఏమీ రాసి ఉండకూడదు.

కోసి తీసినంత మాత్రాన డాక్టరుకు కూడా మార్జిన్ ఖాళీగా ఉందో లేదో తెలియదు. తీసిన ముక్కను ఫార్మలిన్ ద్రవంలో వేసి పథాలజీ ల్యాబుకు పంపాలి. ముక్కలో పై వైపు ఏది, పక్క ఏది అని తెలిసేలా ఆపరేషన్ చేసినాయన పొడుగు దారం ఒకటి, పొట్టి దారం ఒకటి కుట్టి గుర్తు పెడతాడు. ల్యాబులో ముక్క బయటి అంచంతా ఇంకు పూస్తారు. తర్వాత పల్చగా కోసి మైక్రోస్కోపు కింద చూస్తారు. క్యాన్సరు కణం ఇంకును తాకి ఉంటే లోపల ఇంకా మిగిలిందని అనుమానించాలి. తాకకపోతే ఇంకుకూ కణానికీ మధ్య ఎన్ని మిల్లీమీటర్లు ఉందో కొలుస్తారు. నోటి క్యాన్సరులో ఆ దూరం 5 మిల్లీమీటర్లు ఉంటే నిశ్చింత. అంతకంటే తక్కువైతే అంచు దగ్గరగా ఉన్నట్టు లెక్క. తీసిన కండ ముడుచుకుపోతుంది కనుక, ల్యాబులో 5 మిల్లీమీటర్లు రావాలంటే మనిషి ఒంటి మీద ఇంచుమించు సెంటీమీటరు వదిలి కోయాలి. బుగ్గ దగ్గర, దవడ దగ్గర ఒక సెంటీమీటరంటే ఎంత పెద్ద జాగానో అద్దం ముందు నిలబడి చూసుకోండి.

మా మేనత్త బుగ్గ లోపల పుండు మొదలైనప్పుడు మేము డిగ్రీ చదువుతున్నాము. అమృతలూరు చుట్టుపక్కల పొలాల్లో నాట్లకు, కలుపుకు, మినుము పీకడానికి వెళ్ళిన మనిషి. వంగి పని చేసేటప్పుడు అలుపు తెలియకుండా బుగ్గన పొగాకు ముక్క పెట్టుకునే అలవాటు. దగ్గర పట్నంలో ఒక నర్సింగ్ హోంలో గడ్డ తీసి కుట్లు వేసి పంపేశారు. తీసిన ముక్కను ఎక్కడికీ పంపలేదు. పంపాలని మాకూ తెలియదు, అడగలేదు. ఐదు నెలలకు అది మళ్ళీ లేచింది. అప్పుడు గుంటూరు వెళ్ళి ముక్క పరీక్ష చేయించి, దవడ ఎముక కొంత కలిపి పెద్ద ఆపరేషన్ చేయించాము.

ఆ తర్వాత జరిగింది మా తప్పు. రిపోర్టు ఇంగ్లీషులో వచ్చింది. మా ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగింది మేమొక్కరమే. అందులో లోపలి మార్జిన్ 2 మిల్లీమీటర్లు, క్లోజ్ అని రాసి ఉంది. క్లోజ్ అంటే మూసుకుపోయింది, పుండు మానిపోయింది అని మేము అర్థం చేసుకున్నాము. ఇంటిల్లిపాదికీ అదే చెప్పాము. అత్త సంతోషించి మమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టింది. ఆ మాటకు అర్థం దగ్గరగా ఉందని, అంటే అంచుకు ప్రమాదం దగ్గరలోనే ఉందని మాకు తెలియదు. అలాంటి రిపోర్టు వస్తే ఆపరేషన్ అయిన ఆరు వారాల లోపు రేడియేషన్, మన జనం భాషలో కరెంటు పెట్టడం, మొదలుపెట్టాలి. మేము మూడో నెలలో కుట్ల దగ్గర తిమ్మిరిగా ఉందని వెళితే డాక్టరు గారు రిపోర్టు చూసి ఇంతకాలం ఎక్కడున్నారని అడిగారు. అప్పుడు కరెంటు మొదలుపెట్టారు. ముందే వెళ్ళి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. అయినా ఆ రిపోర్టులోని ఒక్క మాట మమ్మల్ని వదల్లేదు. ఎమ్మెస్సీలో బయోకెమిస్ట్రీ ఎందుకు తీసుకున్నామని ఎవరైనా అడిగితే మేము సరైన కారణం చెప్పము. ఇప్పుడు చెప్పాము.

మళ్ళీ బోస్టన్‌కు వద్దాము. సుబ్బారావు గారు హార్వర్డ్ వైద్య కళాశాల జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే దగ్గర చేరారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో రంగు చూసి కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి కనిపెట్టి 1925లో ప్రచురించారు. ఫిస్కే–సుబ్బారో పద్ధతి అంటారు. వందేళ్ళయినా జీవరసాయనం చదివే విద్యార్థులు దాన్ని ల్యాబులో చేస్తూనే ఉన్నారు. మేమూ చేశాము. పరీక్షనాళికలో నీలం రంగు నెమ్మదిగా చిక్కబడుతుంటే, ఆ రంగు వెనక ఒక భీమవరం మనిషి పేరు ఉందని మా బెంచీలో సగం మందికి తెలియదు. సుబ్బారో అంటే ఇటలీ వాడేమో అనుకున్నారు.

ఆ కొలత చేతికొచ్చాక కండరాల్లోని భాస్వరం వెంట పడ్డారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఎ.టి.పి. బయటపడ్డాయి. కండరం కదలడానికి కావలసిన శక్తి ఎక్కడ నిలవ ఉంటుందో ఈ రెండూ చెప్పాయి. ఎ.టి.పి.ని అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా కనుక్కున్నాడు. మన పుస్తకాల్లో ఆ పేరు వదిలేస్తారు కానీ, అలా వదిలేయడం న్యాయం కాదు. సుబ్బారావు గారి ఘనత దానివల్ల తగ్గేదేమీ లేదు. 1930లో పిహెచ్.డి. వచ్చింది. హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం మాత్రం రాలేదు. తన పనిని తాను చాటుకునే స్వభావం ఆయనకు లేదు. మిగతావాళ్ళకు ఆ తొందర ఎక్కువ.

1940లో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధన విభాగంలో చేరారు. తర్వాత దానికి డైరెక్టరయ్యారు. మిగిలిన ఎనిమిదేళ్ళలో చేసిన పని మామూలు మనిషికి మూడు జన్మల పని. బొంబాయిలో 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే డాక్టరమ్మ గర్భిణీ స్త్రీల రక్తహీనత ఈస్టు సారంతో నయమవుతుందని గమనించింది. ఆ సారంలోని పదార్థమేదో కనుక్కునే పోటీలో ఎందరో ఉండగా, సుబ్బారావు గారి బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారు చేసింది. స్ప్రూ రోగులకు అది ఇస్తే కోలుకున్నారు. సోదరులు పోయిన పాతికేళ్ళకు వాళ్ళ జబ్బుకు మందు ఆయన చేతుల మీదుగానే వచ్చింది. 1947లో బోదకాలు పురుగు మీద పనిచేసే డి.ఇ.సి. వచ్చింది. 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది. దాన్ని మట్టిలోంచి వెతికి తీసింది ఆయన కింద పనిచేసిన బెంజమిన్ డగ్గర్ అనే ముసలాయన. సుబ్బారావు గారు ఒక్కరే అన్నీ కనిపెట్టారని రాసే వాళ్ళున్నారు. అది నిజం కాదు. ఎవరు ఏ పనికి తగుదురో చూసి, వాళ్ళ చేత ఆ పని చేయించి, పేరు వాళ్ళకే వదిలేయడం ఆయన చేసిన పని.

ఇప్పుడు మూడో మందు. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరుండేవాడు. ఆయన పథాలజిస్టు. అంటే కోసిన ముక్కలనూ, చనిపోయిన పిల్లల అవయవాలనూ మైక్రోస్కోపు కింద చూసే మనిషి. గడ్డలకైతే అంచు ఉంటుంది, అంచు కొలవవచ్చు. కానీ రక్త క్యాన్సరు వచ్చిన పిల్లల్లో అంచు ఎక్కడ? రక్తం ఎక్కడ పారుతుందో అక్కడల్లా జబ్బే. హాల్‌స్టెడ్ కత్తి ఎంత పెద్దదైనా అక్కడ దిగేది లేదు. ఆ పిల్లలు వారాల్లో, నెలల్లో పోయేవారు.

ఫోలిక్ యాసిడ్ రక్తం పెంచుతుంది కదా అని ఫార్బర్ లెడర్లీ నుంచి ఆ జాతి పదార్థాలు తెప్పించి పిల్లలకు ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గకపోగా ఇంకా ఎగదోసినట్టు కనిపించింది. దాంతో ఆలోచన తిరగబడింది. ఫోలిక్ యాసిడ్ అంటే క్యాన్సరు కణానికి ఇంత ఆకలి ఉంటే, ఆ ఆకలినే ఎర వేసి దాన్ని చంపవచ్చు కదా! సుబ్బారావు గారి బృందం చూడటానికి ఫోలిక్ యాసిడ్ లాగే ఉండే నకిలీని తయారుచేసింది. అణువులో ఒక మూల ఉన్న ఆక్సిజన్ గుంపు తీసి నైట్రోజన్ గుంపు పెట్టారు. అంతే తేడా. విత్తనాల్లో తాలు గింజ కలిసినట్టు. కణం దాన్ని మంచి గింజే అనుకుని లోపలికి తీసుకుంటుంది. తీసుకున్నాక కొత్త కణం కట్టడానికి కావలసిన సరుకు తయారవదు. చీలడం ఆగిపోతుంది. దీని పేరు అమినోప్టెరిన్.

1947 చివర్లో ఫార్బర్ దాన్ని పిల్లలకు ఇవ్వడం మొదలుపెట్టాడు. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు వెనక్కి తగ్గినట్టు 1948 జూన్‌లో ప్రచురించాడు. మంచం దిగని పిల్లలు లేచి ఆడుకున్నారు. ఆ తగ్గుదల కొన్ని నెలలే నిలిచింది, జబ్బు తిరిగొచ్చింది. అయినా రక్త క్యాన్సరును మందుతో వెనక్కి నెట్టవచ్చునని లోకానికి మొదటిసారి తెలిసింది. దీనికే చిన్న మార్పు చేసి, కాస్త భద్రంగా వాడగలిగే మెథోట్రెక్సేట్‌ను కూడా అదే లెడర్లీ బృందం తయారుచేసింది.

ఆ వ్యాసం వచ్చిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు గారు నిద్రలోనే గుండె ఆగి మరణించారు. వయసు 53. మెథోట్రెక్సేట్ ఎంత దూరం వెళ్ళిందో ఆయన చూడలేదు.

ఆయన అమెరికా వెళ్ళాక మళ్ళీ ఇండియా రాలేదు. 1946 దాకా మనవాళ్ళు అమెరికా పౌరులయ్యే వీలు చట్టంలో లేదు. వీలు వచ్చాక కూడా ఆయన ఆ పౌరసత్వం పుచ్చుకోలేదు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఆయన వెళ్ళాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడనే లేదు. జీవిత చరిత్రలు రాసేవాళ్ళు ఈ సంగతిని త్యాగం అని ఒక్క మాటలో దాటేస్తారు. ఎవరి త్యాగం అని మాకు అనిపిస్తుంది. మామగారి డబ్బుతో చదివిన చదువు, భార్య ఒంటరిగా గడిపిన ఏళ్ళు, తల్లి అమ్ముకున్న నగలు. ఆ మందు సీసాల మీద కంపెనీ పేరు ఉంటుంది. వీళ్ళ పేర్లు ఉండవు, సుబ్బారావు గారి పేరూ ఉండదు. 1995లో శతజయంతికి మన ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ వేసింది. అదొక్కటి దక్కింది.

ఆయన పోయిన తర్వాతే అసలు కథ నడిచింది. 1956లో అమెరికాలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అనే వైద్యులు గర్భిణి మాయ నుంచి పుట్టే ఒక రకం క్యాన్సరుకు మెథోట్రెక్సేట్ ఇచ్చారు. ఊపిరితిత్తుల నిండా పాకినా పూర్తిగా నయమైంది. కత్తితో పని లేకుండా మందుతోనే గడ్డ క్యాన్సరు నయమవడం అదే మొదలు. మన వయసు పిల్లలకు మోకాలి దగ్గర వచ్చే ఎముక క్యాన్సరు ఒకటుంది. పూర్వం కాలు పైదాకా తీసేసేవారు. మార్జిన్ బ్రహ్మాండంగా ఉండేది. అయినా ఐదుగురిలో నలుగురు ఊపిరితిత్తులకు పాకి పోయేవారు. కాలు తీసే నాటికే కణాలు అంచు దాటిపోయాయి మరి. 1970ల్లో పెద్ద మోతాదులో మెథోట్రెక్సేట్ ఇచ్చి, వెంటనే ఫోలిక్ యాసిడ్ జాతి విరుగుడు ఇచ్చి మంచి కణాలను కాపాడే పద్ధతి వచ్చింది. ఇప్పుడు ఇతర మందులతో కలిపి వాడితే నూటికి అరవై, డెబ్భై మంది నిలుస్తున్నారు. మందుతో గడ్డ ముందే అణిగితే దాని చుట్టూ మంచి కండ అంచు దొరుకుతుంది. చాలామందికి కాలు కూడా ఉంచగలుగుతున్నారు. రొమ్ము క్యాన్సరులో కూడా 1976లో ఇటలీ డాక్టరు బొనడోన్నా ఆపరేషన్ తర్వాత మెథోట్రెక్సేట్ కలిసిన మూడు మందులు ఇస్తే జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందని చూపించాడు. హాల్‌స్టెడ్ అంత కోత అక్కరలేదని, గడ్డను శుభ్రమైన అంచుతో తీసి రేడియేషన్ ఇస్తే అంతే కాలం బతుకుతారని బెర్నార్డ్ ఫిషర్ ఏళ్ళ తరబడి పరీక్షలు చేసి నిరూపించాడు. అంచు ఎంత వెడల్పు అన్నదాని కంటే, అంచు శుభ్రంగా ఉందా, అంచు అవతలికి వెళ్ళినవాటిని ఎవరు పట్టుకుంటారు అన్నది ముఖ్యమైపోయింది.

మా మేనత్తకు కరెంటు పూర్తయిన ఎనిమిది నెలలకు చెవి కింద మళ్ళీ గడ్డ తేలింది. ఈసారి కోయడానికి వీల్లేదన్నారు. మెడలో పెద్ద రక్తనాళాన్ని చుట్టుకుని ఉంది, చుట్టూ వదలడానికి మంచి కండ లేదు. మాత్రలు రాసిచ్చారు. చిన్న పసుపు మాత్రలు, వారానికి ఒక్కరోజు ఎనిమిది, ఒకేసారి. దానితోపాటు రోజూ వేసుకునే నొప్పి మాత్ర సెలెకాక్సిబ్. అట్ట మీద పేరు చదివితే మెథోట్రెక్సేట్! ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు ఈ చవక మాత్రల జోడీని, సూదితో ఎక్కించే మందుతో పోల్చి 422 మంది మీద పరీక్షించారు. 2020లో ఫలితం ప్రచురించారు. సూది మందు తీసుకున్న వారిలో సగం మంది 6.1 నెలలు దాటితే, మాత్రల వారిలో సగం మంది 7.5 నెలలు దాటారు. బాధలు కూడా తక్కువ. చూడటానికి చిన్న తేడాయే. కూలి మానుకుని బస్సెక్కి ఆసుపత్రి వరండాలో పడుకునే వాళ్ళకు అది చిన్నది కాదు.

ఈ మాత్ర రోజూ వేసుకుంటే ప్రాణం తీస్తుంది. కీళ్ళవాతానికి కూడా ఇదే మాత్ర తక్కువ మోతాదులో వారానికొకసారి ఇస్తారు. అందుకే మన ఊళ్ళో పెద్దవాళ్ళ దగ్గర ఉంటుంది. మీ నాయనమ్మ సంచిలో ఉందేమో చూసి, ఏ వారం వేసుకుంటుందో అడగండి. వాళ్ళకు మర్నాడో ఎప్పుడో ఫోలిక్ యాసిడ్ మాత్ర కూడా రాస్తారు. మనం కిటికీలోంచి విసిరేసింది అదే.

మేము ఈసారి చీటీ మూడుసార్లు చదివాము. అర్థం కాని ప్రతి మాటా డాక్టరు గారిని అడిగి తెలుగులో రాసుకున్నాము. గోడ క్యాలెండరు మీద సోమవారాలకు ఎర్ర సున్నా చుట్టి, యూనివర్సిటీ నుంచి ఆదివారం రాత్రికి ఇంటికి వచ్చేవాళ్ళం. ఉదయం జావ తాగించి ఎనిమిది మాత్రలు అరచేతిలో లెక్కపెట్టి ఇచ్చేవాళ్ళం. రెండో నెలలో గడ్డ కొంచెం మెత్తబడింది, నొప్పి తగ్గి మజ్జిగన్నం తినగలిగింది. ఈ మాత్ర కనిపెట్టింది మన తెలుగాయనే, పదో తరగతి రెండుసార్లు తప్పాడని చెబితే అత్త నమ్మలేదు. మేము పరీక్షల్లో తప్పినప్పుడు ఇంట్లో చెప్పడానికి కల్పించిన కథ అనుకుంది. ఆ క్యాలెండరులో ఎర్ర సున్నాలు ముప్ఫై ఒకటి ఉన్నాయి. ముప్ఫై రెండో సోమవారానికి తెచ్చిన మాత్రలు అట్టలోనే ఉండిపోయాయి.